మేత వేసిన చోటు

గాలం వేసేవాళ్లందరికీ ఒకే సంఘం ఉండాలా అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పలేను. అడిగేవాళ్లు ఉన్నారు. మా చెరువు సంఘానికి నియమావళి రాసింది నేనేనని తెలిసి, చుట్టుపక్కల చెరువుల వాళ్లు దాని ప్రతి పంపమని ఫోన్లు చేస్తుంటారు. పంపుతాను. పంపేటప్పుడు ఒక్క మాట చెబుతాను. కూర్చునే చోట్ల గురించిన వాక్యాన్ని మాత్రం ఎత్తి రాసుకోవద్దనీ, ముందు మీ కట్ట మీద ఎవరు ఎక్కడ ఎందుకు కూర్చుంటున్నారో అడిగి తెలుసుకోమనీ. వాళ్లు సరేనంటారు. ఎందుకని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఫోన్లో చెప్పడానికి అది పొడుగు కథ కూడాను.

నేను ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి రిటైరయ్యాను. రాత్రి ఎడిషన్లు వదిలి ఇంటికి చేరి పడుకునే జీవితం చాలా ఏళ్లు గడిపినవాడికి తెల్లవారడమంటే ఎనిమిది గంటలే. మియాపూర్లో ఫ్లాటుకు మారిన తర్వాత డాక్టరు నడవమన్నాడు. నడవడానికి రోడ్డు మీద జాగా లేదు. బస్సులు, ఆఫీసు క్యాబులు, నీళ్ల ట్యాంకర్లు. అలా దారి వెతుక్కుంటూ వెళ్లి, అపార్టుమెంట్ల వెనక చెరువుకట్ట ఎక్కాను. కట్ట మీద నిలబడితే ఎదురుగా నీళ్లు, నీళ్ల అవతల తుంగ, తుంగ పైన దూరంగా అద్దాల భవనాలు. ఆ భవనాలు నీళ్లలో తలకిందులుగా కనిపించేవి. ఏ కొంగో వాలితే అవన్నీ ఒక్కసారి వణికి మళ్లీ నిలబడేవి.

తూము పక్కన ఒకాయన కూర్చుని ఉన్నాడు. సెక్యూరిటీ గార్డుల నీలం చొక్కా, పక్కన విప్పి పెట్టిన నల్ల బూట్లు, చేతిలో వెదురు గాలం. నేను వెళ్లి వెనక నిలబడ్డాను. ఆయన తల తిప్పకుండానే అన్నాడు.

"నీడ నీళ్లల్ల పడ్తున్నది సారు. జర ఎనుకకు జరగుండ్రి."

జరిగాను. మర్నాడు వెళ్తే అదే చోట ఉన్నాడు. ఆ మర్నాడూ అంతే. మెదక్ వైపు మనిషి. ఒక సాఫ్ట్‌వేర్ టవరు దగ్గర రాత్రి డ్యూటీ. డ్యూటీ దిగి, గది కూడా చేరకుండా నేరుగా చెరువుకు వస్తాడు. భార్య అదే టవరులో పగలు హౌస్ కీపింగ్ పని చేస్తుంది. ఆయన దిగేసరికి ఆమె ఎక్కుతుంది. గేటు దగ్గర ఇద్దరూ టిఫిన్ డబ్బా మార్చుకుంటారు. ఆ డబ్బాలో ఆయనకు రొట్టె, దాని అడుగున ఇంకో పొట్లంలో చేపలకు మేత.

పది పదిహేను రోజులు పక్కన కూర్చోనిచ్చాక ఒకరోజు గాలం నా చేతికిచ్చాడు. దారానికి కట్టి నీళ్ల మీద తేలే బెండు మునిగింది. నేను రెండు చేతులతో పట్టి లాగాను. ఖాళీ ముల్లు నా తల మీదుగా వెళ్లి వెనక తుమ్మకు చిక్కుకుంది.

"ఏంది సారు, బోరింగు కొట్టినట్టు గుంజుతరు?" అన్నాడు ఆయన. "అది చేప. నీళ్ల బిందె కాదు."

నాది కృష్ణా జిల్లా అని తెలిసిన తర్వాత ఎగతాళి ఇంకా పెరిగింది. కాలువ నీళ్లు తాగి పెరిగినవాడికి గాలం రాకపోవడం ఏమిటని కట్ట మీద ప్రతివాళ్లకూ చెప్పి నవ్వించేవాడు. నేనూ నవ్వేవాడిని. నా వయసులో కొత్తగా ఒక పని చేతకాకపోవడంలో ఒక సుఖం ఉంటుంది. డెస్కులో ఎవరూ నన్ను అలా ఆటపట్టించిన గుర్తు లేదు.

ఆయన మేత గురించి కొంచెం చెప్పాలి. తవుడు, పల్లి చెక్క, దోరగా వేయించి దంచిన మెంతులు, ఇవన్నీ చెరువు ఒండ్రుమట్టితో కలిపి నిమ్మకాయంత ముద్దలు చేస్తాడు. పట్టడం అయిపోయి వెళ్లేముందు ఆ ముద్దలు మూడు, తూముకు ఎడమ పక్కన, తన బెండు తేలిన చోటే వేస్తాడు. చేప పడినా వేస్తాడు, పడకపోయినా వేస్తాడు. వానలో గాలం వేయకుండా తిరిగి వెళ్లిన రోజు కూడా మేత వేసే వెళ్లాడు. అలా రోజూ వేస్తూ పోతే కొన్నాళ్లకు రవ్వ చేపలు, బొచ్చె చేపలు ఆ వేళకు ఆ చోటికి రావడం నేర్చుకుంటాయట. ఆయన భార్యను ఒకసారి ఆదివారం కట్ట మీద చూశాను. ఆమె ఫిర్యాదు వేరు.

"ఇంట్ల పప్పుల మెంతులేస్తె చేదంటడు సారు," అంది. "చేపలకు మాత్రం మాడొద్దు, పచ్చిగుండొద్దు, దోరగ ఏంచాలె అంటడు. గీ చేపల కంటె నేను జర ముందుగాల పెండ్లయి వచ్చిన గద."

ఆయన బెండు వైపే చూశాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కట్ట మీద ఒక పద్ధతి ఉండేది. మేత వేసినవాడి చోట ఇంకొకరు కూర్చోరు. చోటుకు గుర్తు ఏమీ ఉండదు, రాయి పెట్టరు, కర్ర పాతరు. కొత్తవాడెవరైనా తెలియక కూర్చోబోతే పక్కనున్నవాడు "అక్కడ మేతున్నది" అంటాడు. అంతే, కొత్తవాడు లేచి పక్కకు పోతాడు. ఈ మాట నేను ఎన్నోసార్లు విన్నాను. బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టు ఇదీ ఒక మర్యాద అనుకున్నాను. నేను ఎనిమిదింటికి వెళ్లేసరికి గార్డు ఎప్పుడూ తన చోట కూర్చునే ఉండేవాడు. అందరికంటే ముందు వచ్చి కూర్చుంటాడు కాబట్టి ఆ చోటు ఆయనదని నా మనసులో స్థిరపడిపోయింది. ఎప్పుడు వస్తావని ఆయన్ను అడగలేదు.

శని, ఆదివారాల్లో కట్ట మారిపోయేది. నల్లగండ్ల నుంచి, ప్రగతి నగర్ నుంచి కార్లు వచ్చేవి. రీళ్లున్న ఖరీదైన గాలాలు, మడత కుర్చీలు, చిన్న డేరాలు. వాళ్లలో కడప జిల్లా నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీలో స్థిరపడినతను ఒకడు ఉండేవాడు. నలభై ఏళ్లుంటాయి. చేప పడితే చేతులు తడుపుకుని పట్టుకుని, ముల్లు మెల్లగా తీసి, ఫోటో దిగి, నీళ్లలో వదిలిపెట్టేవాడు. వదిలిన తర్వాత అది వెళ్లిన వైపే కాసేపు చూస్తుండేవాడు. నాకు అతనంటే ఇష్టం కలిగింది ఆ చూపు వల్లే.

"వారమంతా మీటింగుల్లో కూర్చున్నా నాకు స్క్రీన్ మీద బెండే కనిపిస్తాది సార్," అన్నాడొకసారి. "మా మేనేజరు ఏమడిగినాడో కూడా వినపడదు."

గార్డుకూ అతనికీ మాటలు తక్కువ. తగవు లేదు. పట్టి వదిలేసేవాళ్లను చూసి గార్డు తనలో తాను నవ్వుకునేవాడు. వాళ్లకు ఈయన సంచిలో తడిగుడ్డలో చుట్టిన చేపను చూస్తే ఇబ్బందిగా ఉండేది. ఈయన రోజుకు ఒక్క చేప తీసుకెళ్తాడు. రెండోది పడితే వదిలేస్తాడు. చిన్నవి ఎప్పుడూ ముట్టడు. కానీ ఆ సంగతి చెప్పడు, వాళ్లు అడగరు.

అప్పుడు చెరువును బాగుచేసే పని మొదలైంది. కట్ట మీద నడిచే దారి, చుట్టూ కంచె, రెండు గేట్లు. కంచె లేస్తున్నప్పుడే చేపలు పట్టరాదని బోర్డు పెడతారన్న మాట పుట్టింది. వారాంతపు వాళ్లు ఒక అర్జీ పెట్టారు. మేస్త్రీలు, డ్రైవర్లు, గార్డులు కలిసి ఎవరి చేతో రాయించి ఇంకొకటి పెట్టారు. చెరువు మీద హక్కున్న మత్స్యకారుల సొసైటీ వాళ్లు, గాలాల వాళ్లంతా తమ చేపపిల్లల్ని తినేస్తున్నారని మూడోది పెట్టారు. చెరువు పనులు చూస్తున్న అధికారిని మేం నలుగురం వెళ్లి కలిసినప్పుడు ఆయన విసుక్కోలేదు. మీలో మీకే పడకపోతే నేను ఎవరితో మాట్లాడాలి, అందరూ ఒకటై ఒక సంఘంగా రండి, సొసైటీతో కూర్చోబెట్టి గేటు తెరిపిస్తాను, అన్నాడు. సమంజసమైన మాటే. ఒంటరిగా పెట్టిన అర్జీలు ఎక్కడికి పోతాయో పత్రికలో పనిచేసిన నాకు తెలుసు.

సంఘం పెడదామన్నది కడప అతను. నియమావళి రాయమని నన్ను అడిగిందీ అతనే. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. సంఘం లేకపోతే గార్డుకు గేటు లోపలికి దారి ఉండదు. నాకు అసలు పట్టుదల అక్కడే. వారాంతపు వాళ్లకు కారుంది, ఈ చెరువు కాకపోతే ఇంకొకటి. గార్డుకు డ్యూటీకీ నిద్రకూ మధ్య ఉన్నది ఈ రెండు గంటలే, ఈ ఒక్క చెరువే.

సమావేశం నల్లగండ్లలో ఒక అపార్టుమెంటు క్లబ్ హౌసులో జరిగింది. గేటు దగ్గర గార్డు చేత విజిటర్ల రిజిస్టరులో రాయించారు. ఆయన రోజూ ఇతరుల చేత రాయించే పని అది. పేరు, ఫ్లాటు నంబరు, వచ్చిన పని అని గడులున్నాయి. వచ్చిన పని అన్నచోట ఆయన కలం ఆపి నా వైపు చూశాడు. చేపలు అని రాయమన్నాను. అక్కడి గార్డు చదివి నవ్వి, ఈయనకు సెల్యూట్ కొట్టాడు.

లోపల వాదన అంతా ఒక్కదాని మీదే నడిచింది. పట్టిన ప్రతి చేపనూ వదిలిపెట్టాలని వారాంతపు వాళ్ల పట్టు. తినాలనుకుంటే మార్కెట్లో కొనుక్కోవచ్చు కదా అని ఒక యువకుడు మర్యాదగానే అన్నాడు. మేస్త్రీలు గొణిగారు. గార్డు చేయి పైకెత్తాడు, బళ్లో పిల్లవాడిలా.

"ఇడిసిపెట్టెటందుకైతే దాని మూతికి ముల్లెందుకు గుచ్చాలె సారు?" అన్నాడు. "తినెటందుకు గుచ్చితె పాపం సగమే. ఆటకు గుచ్చితె మొత్తం మనదే గద."

ముందు నవ్వింది కడప అతనే. తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వు చల్లారకముందే నేను రాసి తెచ్చుకున్న వాక్యం చదివాను. సభ్యుడు రోజుకు ఒక చేపను, మూరకు తక్కువ కానిదాన్ని, ఇంటి అవసరానికి తీసుకుపోవచ్చు, మిగిలినవి వదలాలి. ఒప్పుకున్నారు. గార్డు తరఫున నేను గెలిచాననుకున్నాను. ఆ ఊపులోనే తర్వాతి వాక్యం చదివాను. అది డేరాల గురించి రాసింది. శుక్రవారం సాయంత్రమే డేరా వేసి రెండురోజులూ మంచి చోటు ఆపుకునేవాళ్లను ఆపడానికి.

గట్టు మీద ఏ చోటూ ఎవరికీ సొంతం కాదు. ముందు వచ్చినవారిదే చోటు. ఖాళీ చోటును ఎవరి కోసమూ ఆపరాదు.

మూడు చిన్న వాక్యాలు. అవి రాసినప్పుడు నాకు తృప్తి కలిగింది. పేదవాడికీ ఉన్నవాడికీ ఒకే న్యాయం అనుకున్నాను. చదివాక గార్డు వైపు చూశాను. ఆయన తలూపాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో ఆయన కూడా ఉన్నాడు.

సంఘం పని చేసింది. అది చెప్పకపోతే అన్యాయం. అధికారి మాట నిలబెట్టుకున్నాడు. సొసైటీ వాళ్లు వానాకాలం రెండు నెలలు గాలాలు ఆపితే చాలన్నారు. బోర్డు రాలేదు. మాకు సభ్యత్వ కార్డులు వచ్చాయి, ఐదున్నరకు గేటు తెరిచారు. కట్ట మీద గాలాల నుంచి తెగి పడిన తంగూసు దారాలు ఏరించాం. అంతకుముందు వాటిలో కాళ్లు చిక్కుకుని నీటికోళ్లు చచ్చేవి. ఆ ఏడాది ఒక్కటీ చావలేదు. ఒక్కొక్కరుగా మేం ఇదేదీ చేయగలిగేవాళ్లం కాదు.

కార్డులు వచ్చిన తర్వాత మొదటి సోమవారం ఎప్పటిలాగే ఎనిమిదింటికి వెళ్లాను. తూము పక్కన గార్డు లేడు. కొత్తగా చేరిన సభ్యుడొకాయన, నాలాగే రిటైరైన మనిషి, కూర్చుని ఉన్నాడు. బెండు మాటిమాటికీ మునుగుతోంది. ఆనందం పట్టలేక ఆయన దారిన పోయేవాళ్లకు కూడా చేపలు చూపిస్తున్నాడు. గార్డు అవతల తుంగ దగ్గర, కంట్లో ఎండ పడేచోట కూర్చున్నాడు. అక్కడ మోకాలి లోతు నీళ్లు కూడా ఉండవు. ఇక్కడికొచ్చారేమిటని అడిగాను.

"గాలి మారింది సారు," అన్నాడు.

నమ్మాను. మంగళవారం నమ్మాను. బుధవారం కూడా నమ్మాను.

గురువారం నిద్రపట్టక ఆరున్నరకే చెరువుకు వెళ్లాను. తూము దగ్గర ఆ కొత్త సభ్యుడు అప్పటికే ఉన్నాడు. కట్ట మీద పదిమంది దాకా ఉన్నారు. గార్డు లేడు. ఏడుంపావుకు గేటు దగ్గర కనిపించాడు, బూట్లు చేత్తో పట్టుకుని, గబగబా నడుస్తూ. తూము దగ్గరికొచ్చి ఒక్క క్షణం నిలబడి, దాటి, తుంగ వైపు వెళ్లాడు. ఎనిమిదిన్నరకు లేచాడు. ఏమీ పడలేదు. వెళ్తూ వెళ్తూ కొత్త సభ్యుడి వెనక ఆగి, జర మేత ఏసుకుంట సారు అని అడిగాడు. ఆయన గాలం పక్కకు జరిపాడు. గార్డు మూడు ముద్దలూ ఆ చోటే వేశాడు.

"థాంక్సండీ," అన్నాడు కొత్త సభ్యుడు.

నేను గార్డుతో పాటు గేటు దాకా నడిచాను. వేరేవాళ్ల చోట మేతెందుకు వేస్తున్నారని అడిగాను.

"చోటు వాళ్లదైతె అయింది సారు. చేపలు నావి గద," అన్నాడు. "అలవాటు చేసి నడిమిట్ల ఇడిసిపెడ్తె మంచిగుండది."

"ఎప్పుడూ మీరే ముందు వచ్చేవారు కదండీ?"

ఆయన ఆగి నా వైపు చూశాడు. నేను నిజంగానే అడుగుతున్నానని అర్థం కావడానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది.

"ఏడు గంటలకు డ్యూటీ దిగెటోన్ని నేనెట్ల ముందొస్త సారు? ఎన్నడు ముందు రాలె. మేతున్నదని ఎవ్వరు కూసోకపోయేది, అంతే."

"మరి మీటింగులో చెప్పలేదేం?"

"మీరు రాసిండ్రు గద," అన్నాడు. "డేరాల గురించే అనుకున్న. మేతున్న జాగల మనిషి కూసుంటడని నాకెట్ల ఎరుక?"

ఆయన గొంతులో నింద లేదు. ఉంటే బాగుండేది. డెస్కులో జూనియర్లకు నేను వేయిసార్లు చెప్పిన మాట ఒకటుంది, తెలిసిందనుకున్నదాన్నే ఇంకోసారి అడగమని. ఆ మాట నాకు నేను చెప్పుకోలేదు. ఆయన కోసం రాసిన నియమంతో ఆయన్నే లేపేశాను.

ఆ సాయంత్రం కడప అతనికి ఫోన్ చేశాను. సంగతంతా చెప్పాను. అతను ఆదివారం గార్డు దగ్గరికి వచ్చి, మాకు తెలియదు పెద్దాయనా అని చేతులు పట్టుకున్నాడు. కొత్త సభ్యుడికి కూడా సంగతి తెలిసి సిగ్గుపడి, చోటు ఇచ్చేస్తానన్నాడు. గార్డు ఒప్పుకోలేదు. ఒకరు లేచి ఇచ్చిన చోట పడిన చేప తనది కాదన్నాడు. నియమం మార్చుదామని నేను కమిటీలో పెట్టాను. అక్కడ కడప అతను అడ్డు చెప్పాడు.

"మేత వేసినోళ్లదే చోటంటే, రేపు ఒకడు డ్రైవరుతో పది చోట్ల వేయిస్తాడు సార్. నీళ్ల కింద ఎవరి మేత ఉండాదో ఎవరు చూసొస్తారు? ఒకాయన మంచోడని రూలు మార్చలేం కదా."

అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాడిని. ఆలోచించి, ఏడాది చివర సర్వసభ్య సమావేశంలో పెడదామన్నారు. అప్పటిదాకా ఉన్న నియమమే.

గార్డు ఇంకో మూడు వారాలు వచ్చాడు. తుంగ దగ్గరే కూర్చున్నాడు. పగటి డ్యూటీకి మార్చమని ఏజెన్సీని అడిగి, పగటి డ్యూటీ అయితే చెరువుకు రావడానికి అసలు పొద్దుటిపూటే మిగలదని మళ్లీ తనే వద్దనుకున్నాడు. ఒకరోజు వచ్చి సైటు మార్చారని చెప్పాడు. దూరంగా కడుతున్న కొత్త టవరు దగ్గరికి. ఎటువైపో ఇక్కడ రాయను. భార్యకు కూడా అక్కడే పని దొరికిందట. మేత వేసి, బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను చెరువుకు వెళ్లడం మానలేదు. కార్డు చూపించి లోపలికి వెళ్లి, కొత్త సిమెంటు బెంచీ మీద కూర్చునేవాడిని. నీళ్లు బాగున్నాయి. కట్ట శుభ్రంగా ఉంది. అందరూ పలకరించేవాళ్లు, నియమావళి సారు అని. ఎవరూ నన్ను బోరింగు కొడుతున్నావని అనలేదు. ఒకరోజు నిజంగానే పెద్ద రవ్వ పడింది. ఒడ్డుకు తెచ్చి పక్కకు తిరిగాను, చూపించడానికి. పక్కన ఒక అబ్బాయి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆఫీసు కాల్లో ఉన్నాడు. నీళ్లలో వదిలేశాను.

తొమ్మిది నెలలకు సర్వసభ్య సమావేశం వచ్చింది. ఈసారి నేను ముందే నియమం రాసేయలేదు. కట్ట మీద ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లి, ఎప్పుడొస్తారు, ఎక్కడ కూర్చుంటారు, ఎందుకు అని అడిగి రాసుకున్నాను. సమావేశంలో పెట్టిన కొత్త నియమం ఇది. ఒక సభ్యుడు ఒక్క చోటే మేతకు పేరు రాయించుకోవచ్చు, స్వయంగా వేయాలి, మామూలు రోజుల్లో ఆ చోటును ఎనిమిది గంటల దాకా అతని కోసం ఆపాలి. కడప అతనే లేచి బలపరిచాడు. ఎదురు చెప్పినవాళ్లు లేరు. మర్నాడే గార్డుకు ఫోన్ చేసి వస్తానన్నాను.

బస్సు దిగి, ఇసుక లారీల వెంట చాలా దూరం నడిచాను. కడుతున్న టవరు దగ్గర ఆయన భార్య కనిపించింది. నన్ను చూసి ఆశ్చర్యపోయి, నవ్వి, వెనక వైపు చూపించింది.

"గుంత కాడున్నడు సారు. రూముల కంటె ఆడనే ఎక్కువుంటడు. గీడ గూడ మెంతుల లొల్లి తప్పలె."

రాయి తీసి వదిలేసిన పాత క్వారీ గుంత అది. వానలకు నిండి, పై చెరువు పొంగినప్పుడు చేపలు వచ్చి చేరాయట. ఇద్దరు మేస్త్రీలు, ఒక లిఫ్టు ఆపరేటరు అక్కడక్కడ కూర్చుని ఉన్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. గార్డు కొంచెం బక్కచిక్కాడు. నన్ను చూడగానే కండువా దులిపి పక్కన పరిచాడు. కాసేపు ఆయన బెండునే చూస్తూ కూర్చున్నాను. తొమ్మిది నెలల్లో నాకు అంత సుఖంగా ఎక్కడా లేదు.

తర్వాత జేబులోంచి కాగితం తీసి కొత్త నియమం చదివాను. మొత్తం విన్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

"ఈసారి మంచిగ రాసిండ్రు," అన్నాడు. నిజంగా సంతోషించాడు. "మేస్త్రీలకు అక్కెరకొస్తది."

"మీ కోసమేనండీ."

"నేను గీడ ఏడింటికి దిగి ఆడికొచ్చెవరకు తొమ్మిదైతది సారు. వచ్చుడు కాదు ఇగ."

అంత దూరం బస్సులో వచ్చినవాడిని, ఆ లెక్క వేసుకోలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.  ఆయన ఎర మార్చుకుని గాలం మళ్లీ వేశాడు.

"గీ గుంత సంగతి మీ సంఘపోళ్లకు ఎరుకనా?" అని అడిగాడు.

తెలియదన్నాను.

"చెప్పకుండ్రి." బెండు వైపు చూస్తూనే అన్నాడు. "మీరు గూడ మల్ల రాకుండ్రి సారు. తప్పు పట్టకుండ్రి. మీరొస్తె కడప సారొస్తడు. మంచోడే. ఆయనెంబడి ఇంకిద్దరొస్తరు. నలుగురైతె కాయితం గావాలె అంటరు. కాయితమంటె మల్ల మీరే రాయాలె."

చెప్పేసి నా మొహం చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.  రానన్నాను. ఎండెక్కేదాకా కూర్చోనిచ్చాడు. లేచేముందు తన గాలం నా చేతికిచ్చి ఒక బొచ్చె పట్టించాడు. ఈసారి ఎలా లాగానో ఏమీ అనలేదు. అది నేను తీసుకెళ్లాలని పట్టుబట్టి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చాడు.

గాలం వేసేవాళ్లకు ఒకే సంఘం ఉండాలనే నేను ఇప్పటికీ అనుకుంటాను. కంచెతో, గేటుతో, అధికారితో మాట్లాడటానికి అది కావాలి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పడానికి వద్దు. ఇంతకంటే గట్టిగా చెప్పలేను.

ఆయన అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. ఆరోగ్యం అడుగుతాడు, మా చెరువులో నీళ్లు ఎలా ఉన్నాయో అడుగుతాడు. గుంత గురించి నేను అడగను. కొన్ని పొద్దుటిపూటలు మెట్రో స్టేషను కింద ఆ వైపు వెళ్లే బస్సు ఆగి ఉంటుంది. గంటా గంటన్నర దారి. కండక్టరు పిలుస్తాడు, ఖాళీ సీట్లు కూడా కనిపిస్తుంటాయి. అది కదిలి వెళ్లేదాకా నిలబడి, ఆ తర్వాత చెరువు వైపు నడుస్తాను.